పదకొండు వారాలు, ఏడు టికెట్లు, ఒక్క జవాబు కూడా లేదు

కస్టమర్ సపోర్ట్ విభాగం బాధ్యులకు,

నమస్కారం. మిమ్మల్ని నేను సంప్రదించడం ఇది ఎనిమిదోసారి. ముందు ఏడుసార్లూ నా ఫిర్యాదుకి టికెట్ నంబర్లు ఇచ్చారు, ఏడింటినీ ‘సమస్య పరిష్కారమైంది’ అని మూసేశారు. ఒక్కటి కూడా పరిష్కారం కాలేదు. కనీసం ఈ ఉత్తరాన్నైనా ఎవరో ఒక మనిషి చివరిదాకా చదవాలని అడుగుతున్నాను.

మీ ఫాంటసీ వీడియో గేమ్‌ని బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడుకునేలా మార్చి, ఒక క్యాంపెయిన్ పుస్తకం (వారాల తరబడి ఆడే కథా, దాని నియమాలూ ఉండే పుస్తకం) అమ్మారు. నేను కొన్నాను. ఆటగాడి పాత్ర చనిపోతే ఏం చేయాలో చివరి అనుబంధంలో చూడమని మూడో అధ్యాయంలో ఉంది. విషయసూచికలో ఆ అనుబంధం పేరుంది, పేజీ నంబరు కూడా ఉంది, పుస్తకంలో ఆ పేజీలు మాత్రం లేవు. పుస్తకం గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. అచ్చులో పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి, దానికి నాకు కోపం లేదు. ఆ తర్వాత మీవాళ్లు నన్ను తిప్పిన తిప్పుడికే ఈ కోపమంతా.

మా గుంపులో నలుగురు ఆటగాళ్లు, నేను గేమ్ మాస్టర్‌ని, అంటే కథ చెప్తూ ఆట నడిపే మనిషిని. ప్రతి శనివారం సాయంత్రం కూర్చుంటాం, ఎనిమిది నెలలుగా ఒక్క వారం కూడా మానలేదు. వంతెన దగ్గర పోరాటంలో మంత్రగత్తె పాత్ర ఆడే అమ్మాయి మిగతా ముగ్గుర్నీ దాటించడానికి వెనక నిలబడిపోయింది, ప్రాణం ఎంత మిగిలిందో చెప్పే హిట్ పాయింట్లు సున్నాకి వచ్చేశాయి. మీ వీడియో గేమ్‌లో అయితే చివరగా వెలిగించిన దీపం దగ్గర మళ్లీ కళ్లు తెరుస్తాం, దానికి బదులుగా ఒక జ్ఞాపకం పోతుంది. మీ కథంతా ఆ దీపం చుట్టూనే కదా తిరిగేది. ఆ అమ్మాయి తన పాత్ర వివరాలున్న క్యారెక్టర్ షీట్ పక్కన పెట్టి “ఇప్పుడు నేనేమవుతాను?” అని అడిగింది. పుస్తకం తెరిచాను, పేజీ లేదు. వచ్చే వారం చెప్తానన్నాను.

అప్పటి నుంచి పదకొండు వారాలు.

మొదట మీ చాట్‌బాట్ దగ్గరికి వెళ్లాను. లాగిన్ సమస్య, పేమెంట్ సమస్య, గేమ్ ఆగిపోతోంది, ఇతరం అని నాలుగు చూపించింది. ‘ఇతరం’ నొక్కితే మళ్లీ అవే నాలుగు వచ్చాయి. అరగంట కుస్తీ పడితే ఒక ఏజెంట్ దొరికారు. విషయం అంతా చెప్పాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ అప్‌డేట్ చేశారా అని. నేను పుస్తకం గురించి మాట్లాడుతున్నానన్నాను. ఏ కన్సోల్‌లో చదువుతున్నారన్నారు. కాగితం పుస్తకం సార్, అచ్చు పుస్తకం అని రెండుసార్లు రాశాను. గేమ్ తీసేసి రీఇన్‌స్టాల్ చేసి, సిస్టమ్ రిపోర్ట్ పంపమన్నారు. విషయసూచిక పేజీకీ, పుస్తకం చివరి పేజీకీ ఫొటోలు తీసి పంపాను. ఐదు రోజుల తర్వాత జవాబొచ్చింది: స్క్రీన్‌షాట్ సరిగా లేదు, ఫుల్ స్క్రీన్‌లో పెట్టి తీసి పంపండి. నా ఫొటో తెరిచి చూసిన మనిషెవరూ ఆ మాట రాయలేరు.

రెండో టికెట్ తీసుకున్నవాళ్లు చాలా మర్యాదగా మాట్లాడారు. ‘మీ ఇబ్బంది మాకు పూర్తిగా అర్థమైంది’ అన్న వాక్యం ఒకే ఉత్తరంలో నాలుగుసార్లు ఉంది, నా పేరు మాత్రం వేరే ఎవరిదో రాశారు. ప్రత్యేక బృందానికి పంపుతున్నామన్నారు. తొమ్మిది రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. పదో రోజున, కస్టమర్ నుంచి స్పందన లేనందున టికెట్ మూసేశామని మెయిల్. నన్ను ఎవరేం అడిగారని నేను స్పందించాలి? ఆ వెనకే మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని ఇంకో మెయిల్.

మూడో ఏజెంట్ ఆ పుస్తకం మాది కాదు, బోర్డ్ గేమ్‌లు అచ్చువేసే మా భాగస్వామి సంస్థదన్నారు. సరేనని ఆ సంస్థకు రాశాను. వాళ్లు రెండు లైన్లలో, ప్రపంచమూ నియమాలూ గేమ్ తయారుచేసినవాళ్లవి, వాళ్లనే అడగండి అన్నారు. మళ్లీ మీ దగ్గరికొచ్చాను. నాలుగో ఏజెంట్ మళ్లీ ఆ సంస్థ దగ్గరికే పొమ్మన్నారు. అట్ట మీద మీ లోగో ఉంది, అమ్మింది మీ స్టోర్, డబ్బు కట్టించుకున్నది మీరు. పేజీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ చేతులు దులిపేసుకున్నారు.

ఐదోసారి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు హోల్డ్‌లో పెట్టి మీ గేమ్ మొదట్లో వచ్చే సంగీతమే వినిపించారు. ఎన్నో రాత్రులు అది విని ఆడిన మనిషిని నేను, ఇప్పుడు ఆ సంగీతం మొదలవగానే టెన్షన్ వస్తోంది. నలభై నిమిషాల తర్వాత ఎవరో ‘హలో’ అన్నారు, నేను నోరు తెరిచేలోపే లైన్ కట్టయింది. తిరిగి చేయలేదు.

ఆరో ఏజెంట్, వీడియో గేమ్‌ని టేబుల్ మీదికి తెస్తే ఇలాంటి ఖాళీలు మామూలే, నెట్‌లో ఉచిత నియమాలు ఉంటాయి, అవి వాడుకోండి అన్నారు. దీనికి మాత్రం వివరంగానే జవాబు చెప్పాలి. మామూలేం కాదు. అసలు ఈ ఆటలు పుట్టిందే బల్ల మీద. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది, దాని నియమాలతో 1988లో పూల్ ఆఫ్ రేడియన్స్ అనే కంప్యూటర్ గేమ్ వచ్చింది, 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్ కూడా ఆ వంశంలోదే. తిరుగు ప్రయాణమూ కొత్త కాదు. వీడియో గేమ్‌లైన డ్రాగన్ ఏజ్ 2010లో, ద విచర్ 2018లో బల్ల మీద ఆడే టేబుల్‌టాప్ పుస్తకాలుగా వచ్చాయి. ఇక ఉచిత నియమాలంటారా, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు, అవి నాకు కంఠతా వచ్చు. సున్నాకి పడిన పాత్ర ప్రతి వంతులో ఇరవై ముఖాల పాచిక వేయాలి, 10 లేదా అంతకంటే ఎక్కువ పడితే గెలుపు, తక్కువ పడితే ఓటమి, మూడు గెలుపులొస్తే ప్రాణం నిలబడుతుంది, మూడు ఓటములొస్తే పోతుంది. బాగుంది, కానీ అందులో దీపం ఏది? జ్ఞాపకం ఏది? ఎవరి జ్ఞాపకం పోవాలి, ఏది పోవాలో ఎవరు తేల్చాలి, అది పోయాక ఆ పాత్ర పక్కనున్న స్నేహితుల్ని గుర్తుపడుతుందా? వీడియో గేమ్‌లో హీరో ఒక్కడే కాబట్టి మీకు ఈ ప్రశ్న రాలేదు. బల్ల దగ్గర మిగతా ముగ్గురూ బతికే ఉన్నారు, ఆమెనే చూస్తున్నారు. ముందు దాచుకున్న ఆట (సేవ్) తెరుచుకుని వెనక్కి వెళ్లే వీలు అక్కడ లేదు.

ఇంకో సంగతి. మీ పుస్తకంలో లోటు ఇదొక్కటే కాదు, మిగతావేవీ మిమ్మల్ని అడగలేదు. వీడియో గేమ్‌లో ఒక్క దెబ్బకి మూడు వందలు పోతుంది, మా వాళ్లకి ఉండేది ముప్పై నలభై హిట్ పాయింట్లు, ఆ లెక్కలన్నీ నేనే కూర్చుని కుదించాను. మీ గేమ్‌లోని బాస్ (పెద్ద శత్రువు) ఒక్క హీరోతో కొట్లాడేలా తయారైంది, బల్ల దగ్గర దానికి ఒక వంతు వచ్చేలోగా నలుగురు నాలుగు దెబ్బలు కొడతారు, రెండో రౌండ్‌కే చచ్చిపోతుంది. ఆటగాళ్ల వంతుల మధ్యలో అది కూడా ఏదో ఒకటి చేసేలా నేనే మార్చుకున్నాను. చేతనైనంతా చేసుకున్నాను. ఆ దీపానికి అర్థమేమిటో మాత్రం ఆ ప్రపంచాన్ని సృష్టించినవాళ్లే చెప్పాలి, అందుకే అడిగాను.

ఏడో ఏజెంట్ ఒక్క లైను రాసి టికెట్ మూసేశారు: ‘ఇది కల్పిత కథ కాబట్టి మీకు నచ్చినట్టు పెట్టుకోవచ్చు.’ అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇదే. ఆటగాడు ప్రశ్న అడిగితే గేమ్ మాస్టర్ జవాబు చెప్పి తీరాలి, తెలియకపోతే తెలుసుకుని వచ్చి చెప్పాలి. నేను ఎనిమిది నెలలుగా నలుగురికి ఆ పని చేస్తున్నాను, జీతం లేకుండా, మీ ప్రపంచం మీద ఇష్టంతో. జీతాలు తీసుకుంటున్న మీ ఏడుగురిలో ఒక్కరూ తెలుసుకుని చెప్తామనలేదు.

మీ మొదటి గేమ్ వచ్చినప్పటి నుంచి మీతో ఉన్నాను. ప్రతి భాగం ముందే బుక్ చేసుకున్నాను. రెండోది విడుదలైన రోజు బగ్గులతో నడవకపోతే అందరూ తిట్టారు, సమయమిస్తే సరిచేస్తారని నేను అందరితో వాదించాను. సరిచేశారు కూడా. పాచిక ముట్టుకోని నలుగురిని కూర్చోబెట్టి మీ కథ చెప్పాను, వాళ్లలో ఇద్దరు తర్వాత మీ గేమ్ కూడా కొన్నారు. మీరు నన్ను ఒక టికెట్ నంబరుగా కూడా గుర్తుపెట్టుకోలేదు.

లేని పేజీలు పంపండి. పేజీలే రాయలేదంటే ఆ మాటే ఒప్పుకోండి, ఆ అధ్యాయం రాసినవాళ్ల దగ్గర్నుంచి నాలుగు వాక్యాలు తెప్పించినా చాలు. డబ్బు వెనక్కివ్వమని ఇన్నాళ్లూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను, ఎందుకంటే మీకు ఆ భాష ఒక్కటే అర్థమవుతుందేమో అనిపిస్తోంది. వారంలో జవాబు రాకపోతే ఏడు టికెట్లూ, అన్ని సంభాషణలూ జతచేసి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. ఈ ఉత్తరాన్ని నాకు తెలిసిన ప్రతి గేమ్ మాస్టర్‌కీ పంపుతాను. మీ తర్వాతి గేమ్ నేను కొనను, మా బల్ల దగ్గర ఎవర్నీ కొననివ్వను.

ఆ అమ్మాయి పదకొండు వారాలుగా ప్రతి శనివారం వస్తోంది. తన పాత్ర లేకపోయినా మిగతావాళ్ల కోసం మ్యాప్ గీస్తూ కూర్చుంటోంది. క్యారెక్టర్ షీట్ మాత్రం మడిచి తెచ్చుకుంటుంది. ఈ శనివారం కూడా తెస్తుంది.

ఇట్లు,
మీ మొదటి గేమ్ నుంచి మీతో ఉన్న ఒక గేమ్ మాస్టర్