మనసు ఒప్పకపోవడం ఒక్కటే ప్రమాణమా?

సంపాదకులకు నమస్కారం.

నీతి విషయంలో తర్కంతో పనిలేదని, మనసుకు తప్పని తోచిందే తప్పని మీ ఆదివారం సంచికలో ఒక వ్యాసకర్త రాశారు. చాలా ఏళ్లు తత్త్వశాస్త్రం పాఠం చెప్పినవాడిగా అందులో సగమే ఒప్పుకోగలను.

అవయవాలు పాడైన ఐదుగురిని బతికించడానికి, పరీక్షల కోసం వచ్చిన ఆరోగ్యవంతుణ్ణి డాక్టరు చంపవచ్చా అని తరగతిలో అడిగితే ఎవరూ ఔననేవారు కాదు. ఒకటి కంటే ఐదు ఎక్కువన్న లెక్క వాళ్లకూ తెలుసు. ఆ ఐదుగురిలో ఒకరి మంచం మీద పడుకుని ఆలోచించినా ఆ పని ఘోరంగానే తోస్తుంది కనుక, అక్కడ అనుమానించవలసింది మనసును కాదు, లెక్కనే.

మా నాయనమ్మ సంగతి వేరు. పాలేరు ఆకలితో ఉంటాడని తనకంటే ముందు అతనికి అన్నం పెట్టించేది. నీళ్లు మాత్రం చెంబు తగలకుండా పైకెత్తి అతని దోసిట్లో పోసేది. ఎందుకని అడిగితే "మనసొప్పదురా" అంది. నిజంగానే ఒప్పలేదు. ఆ మాటే ప్రమాణమైతే ఆమెను తప్పుపట్టే దారి లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు కూడా ఎందరో మంచివాళ్లకు మనసొప్పలేదు. ఆయన శాస్త్రాలు తిరగేసి వాదించవలసి వచ్చింది. ఇలాంటి చోట, మనకు అలా అనిపించడం వల్ల సుఖం ఎవరికి, అవమానం ఎవరికి అని అడగాలి.

ఆ ప్రశ్న నన్నూ వదల్లేదు. తూర్పు బెంగాల్ శరణార్థులు మన దేశంలో శిబిరాల్లో అలమటించిన 1971 నాటి పరిస్థితిని చూసి ఆస్ట్రేలియా తత్త్వవేత్త పీటర్ సింగర్ రాసిన వ్యాసం మరుసటి ఏడాది అచ్చయింది. బట్టలు పాడైనా సరే నీళ్లలో మునిగిపోతున్న బిడ్డను బయటికి లాగవలసిందేనని ఒప్పుకునేవాడు, ఎక్కడో దూరాన ఆకలితో చనిపోతున్న బిడ్డను ఎలా వదిలేస్తాడని ఆయన అడిగారు. రెండూ ఒకటి కావని మనసు అంటుంది. అలా అనడం వల్ల డబ్బు మిగిలేది నాకే. సింగర్ అడిగినంతా ఇవ్వాలా అన్నది నాకింకా తేలలేదు గానీ, దూరమన్న సాకు మాత్రం ఇక మిగల్లేదు.

భవదీయుడు,
విశ్రాంత ఉపన్యాసకుడు,
రాజమహేంద్రవరం