ఓట్స్ గిన్నెకి మాడు వదిలించిన మీ అందరికీ కృతజ్ఞతలు

స్లో కుక్కర్‌లో (తక్కువ వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుండలో) రాత్రంతా ఉంచిన ఓట్స్ అంచుల్లో మాడి, మధ్యలో బంకలా ఎందుకు తయారవుతున్నాయని అడిగాం. "నీళ్లు ఎక్కువ పొయ్యండి" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, ఎందుకు మాడుతుందో, ఎందుకు జిగురొస్తుందో విడమరిచి చెప్పారు. పేరుపేరునా నమస్కారాలు. చలి ముదిరేలోపు ఇంకొకరికి పనికొస్తుందని, మీరు చెప్పినవన్నీ ఒకచోట రాస్తున్నాం.

మొట్టమొదటి దండం "ముందు ప్యాకెట్ చూడండి" అన్న అక్కగారికి. స్టీల్ కట్ ఓట్స్ అంటే ఓట్ గింజని రెండు మూడు ముక్కలుగా నరికిన నూక. రోల్డ్ ఓట్స్ అంటే ఆవిరి పట్టి నొక్కిన అటుకులు. అటుకుల్ని ఎనిమిది గంటలు ఉడకబెడితే ఏమవుతాయో మనకి ఒకరు చెప్పాలా? రాత్రంతా ఉడికే పనికి నూకే కావాలి. అందులోనూ "క్విక్ కుక్" అని రాసిన స్టీల్ కట్ వద్దు. అది ఇంకా సన్నటి నూక, తెల్లారేసరికి పేస్టు అయిపోతుంది.

ఇక అసలు సంగతి, మాడు. చాలా స్లో కుక్కర్లలో వేడి అడుగు నుంచి కాదు, కుండ చుట్టూ ఉన్న గోడల నుంచి వస్తుంది. ఈ యంత్రానికి తాతలాంటి దాన్ని ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికా ఇంజనీరు చేసింది బీన్స్ ఉడకబెట్టడానికే. 1971లో క్రాక్-పాట్ పేరుతో అమెరికా ఇళ్లలోకి వచ్చింది కూడా కుండ నిండా బీన్సో, మాంసమో వండుకునేవాళ్ల కోసమే. అలాంటి ఆరు క్వార్టుల (క్వార్టు అంటే సుమారు ఒక లీటరు) కుండలో ఒక్క కప్పు ఓట్స్ పోస్తే పలచటి పొరలా పరుచుకుంటుంది. గోడకి తగిలిన చోట నీరు ఇగిరి చెక్కు కడుతుంది. కుండ కనీసం సగం నిండాలి, మూడింట రెండొంతులు దాటకూడదు. నాలుగు క్వార్టుల కుండయితే 2 కప్పుల నూక, 8 కప్పుల నీళ్లు నేరుగా పోసి, గోడలకి ముందే నెయ్యి రాస్తే చాలావరకు గట్టెక్కుతాం.

నలుగురు తినే ఇంటికి అంత అక్కర్లేదు. అందుకే "గిన్నెలో గిన్నె" చెప్పిన పిన్నిగారికి ప్రత్యేకంగా రుణపడ్డాం. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు పోసి పప్పుగిన్నె పెట్టే మనకి ఇది తట్టకపోవడమే విచిత్రం. రెండు లీటర్లు పట్టే స్టీలు గిన్నె కానీ, ఒవెన్‌లో పెట్టదగ్గ గాజు గిన్నె కానీ తీసుకోండి. లోపల నెయ్యి రాసి, 1 కప్పు నూక, 3 కప్పుల నీళ్లు, 1 కప్పు చిక్కటి పాలు, పావు టీస్పూను ఉప్పు వేసి కలిపి కుండలో దింపండి. గిన్నె చుట్టూ వేలు పట్టేంత సందు ఉండాలి. ఆ సందులో గిన్నె సగం ఎత్తు వరకు గోరువెచ్చని నీళ్లు పోయండి. మూత పూర్తిగా కూర్చోవాలి. గిన్నె అంచు తగిలి మూత కొంచెం లేచినా ఆవిరంతా పోయి, పొద్దున నూక పలుకు మీదే ఉంటుంది. "లో" (తక్కువ వేడి) సెట్టింగ్ మీద 7 నుంచి 8 గంటలు ఉంచండి. పొద్దున కాలే గిన్నెని పైకి లాగే సాహసం చెయ్యకండి, స్విచ్ తీసేసి గరిటెతో నేరుగా వడ్డించుకోండి.

కొలతల దగ్గర ఒకరు పట్టుకున్న తప్పు భలేది. అమెరికా కప్పు 240 మిల్లీలీటర్లు, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180. నూక ఒకదాంతో, నీళ్లు ఇంకోదాంతో కొలిస్తే అయితే ముద్ద, కాకపోతే జావ. ఏ కప్పయినా సరే, రెండూ దాంతోనే కొలవాలి.

పాల గురించి ఇద్దరి మధ్య కాస్త వాదన జరిగింది. అంతా పాలే పోస్తే రుచి నిజమే, కానీ ఎనిమిది గంటల వేడికి అంచుల్లో మీగడ కట్టి ఎర్రబడుతుంది, తరకలు కూడా వస్తాయి. ఆపిల్ ముక్కలు వేస్తే వాటి పులుపుకి విరగడం ఇంకా ఖాయం. మూడొంతులు నీళ్లు, ఒక వంతు పాలు, పొద్దున పైన మరికొన్ని వేడి పాలు. మా ఓటు దీనికే. బెల్లం మాత్రం రాత్రి వెయ్యకూడదు. పరమాన్నానికి పాటించే నియమమే ఇక్కడా: స్విచ్ తీసేశాక, వేడి కొంచెం తగ్గాక. దాల్చినచెక్క పొడి రాత్రంతా నానితే జిగురుగా ఉంటుంది కాబట్టి ముక్క వేసి పొద్దున తీసెయ్యడం మేలు. ఖర్జూరం, కిస్‌మిస్ రాత్రే వెయ్యచ్చు, కరిగి తీపి ఇస్తాయి. జీడిపప్పు, బాదం, ఏలకుల పొడి పొద్దునే.

బంక సంగతికొస్తే, ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంటుంది. కలిపినకొద్దీ అది బయటికొచ్చి చిక్కబడుతుంది. కాబట్టి మధ్యరాత్రి లేచి గరిటె పెట్టకండి. పైగా మూత తీసిన ప్రతిసారీ ఆవిరి పోయి, కోల్పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. ఉప్మా రవ్వలాగే నూకని చెంచాడు నెయ్యిలో నాలుగైదు నిమిషాలు, కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తే జిగురు తగ్గుతుంది. ఇది చెప్పినాయన ఎవరో కానీ, ఆయన చెయ్యి చల్లగా ఉండాలి.

అమెరికాలో ఎత్తైన చోట ఉన్న డెన్వర్ నుంచి చెప్పినవారి మాట కూడా కలుపుతున్నాం. అంత ఎత్తులో నీళ్లు సుమారు 95 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, అందుకని ఇంకో అరగంట పైన పెట్టుకోవాలి. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో ఉండే "స్లో కుక్" బటన్ నమ్ముకున్నవాళ్లకి కూడా ఒక మాట: అందులో వేడి అడుగు నుంచే వస్తుంది, "లో" మీద నూక సరిగా ఉడక్కపోవచ్చు. ఒకసారి సెలవు రోజున పరీక్షించి చూసుకోండి.

టైమర్ పెట్టి అర్ధరాత్రి మొదలయ్యేలా చెయ్యచ్చా అని అడిగినవారికి వచ్చిన "వద్దు" అన్న జవాబు సరైనదే. పాలు కలిపిన గిన్నె రెండు గంటలకి మించి బయట ఉండకూడదు. "వార్మ్" సెట్టింగ్ మీద వండటం అసలు కుదరదు. అది ఉడికినదాన్ని వేడిగా ఉంచడానికే.

తీపి వద్దనుకునేవాళ్లకి: పాలు మానేసి 4 కప్పులూ నీళ్లే పోసి వండి, పొద్దున ఆవాలు, మినప్పప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు. చల్లారాక మజ్జిగ పోసుకుంటే అంబలికి దగ్గర చుట్టమే.

మిగిలినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. చల్లబడ్డాక గడ్డకడుతుంది, భయపడక్కర్లేదు. రెండు మూడు చెంచాల నీళ్లో పాలో చిలకరించి మైక్రోవేవ్‌లోనో పొయ్యి మీదో వేడి చెయ్యండి, స్లో కుక్కర్‌లో మాత్రం కాదు, అది వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. వేడి కుండలో చన్నీళ్లు పోసి నానబెట్టకండి, పింగాణీ పగులుతుంది. చల్లారనిచ్చి గోరువెచ్చని నీళ్లు పోస్తే అరగంటలో అంటుకున్నదంతా ఊడి వస్తుంది.