ఆ రిసీవర్ ఇప్పుడు వద్దు, అమ్మలూ

తెనాలి

చిరంజీవి మాధవికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. వానలు తగ్గాక అమ్మ మోకాలు కాస్త నయం. ఇంటికి కొత్త రిసీవర్, అదే టీవీ శబ్దాన్ని స్పీకర్లకు పంచే పెట్టె, పంపిస్తానని, ఏది కావాలో చూసుకోమని నువ్వు లింకులు పంపి చాలా రోజులైంది. ఆ తర్వాత ‘మీటింగ్‌లో ఉన్నాను, మళ్లీ చేస్తాను’ అన్న ముక్క తప్ప నీ దగ్గరినుంచి కబురు లేదు. ఫోనులో నేను మొదలుపెట్టేసరికి నీకు ఎవరో ఒకరు అడ్డం వస్తారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. అన్నం తిన్నాక, నిదానంగా చదువు.

రిసీవర్ వద్దు. ఎందుకు వద్దో చెబుతాను.

మన యమహా రిసీవర్ 2012లో కొన్నది. బొమ్మనూ శబ్దాన్నీ ఒకే తీగలో పంపే హెచ్‌డీఎంఐ పద్ధతిలో 1.4 కాలపుది. 4కె అనే బాగా స్పష్టమైన బొమ్మను సెకనుకు 60 ఫ్రేముల చొప్పున పంపే శక్తి 2013లో వచ్చిన 2.0తో గాని రాలేదు. కాబట్టి మనది పాతబడిందన్న నీ మాట నిజమే. కానీ బొమ్మ దాని గుండా వెళ్లవలసిన అవసరం మనకు ఎక్కడ ఉంది? మేము చూసేవన్నీ టీవీలో ఉన్న యాప్‌లలోనే చూస్తున్నాం. బొమ్మ టీవీలోనే ఉండిపోతుంది, శబ్దం ఒక్కటే ఏఆర్‌సీ అని రాసి ఉన్న సాకెట్ నుంచి రిసీవర్‌కు వస్తుంది. టీవీ సెట్టింగులలో శబ్దాన్ని డాల్బీ డిజిటల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు వేరే శబ్దం పంపే పద్ధతికి, మార్చాను. ఐదు స్పీకర్లూ, సబ్‌ఊఫరూ చక్కగా పలుకుతున్నాయి.

ఇక అట్మాస్ అనే కొత్త శబ్ద పద్ధతి. ఇళ్లలో వాడే రిసీవర్లకు అది 2014లో వచ్చింది, మన దానికి తెలియదు. అయితే అట్మాస్ గొప్పతనమంతా తల మీదుగా వినిపించే శబ్దంలో ఉంది. దానికి పైన కనీసం రెండు స్పీకర్లు కావాలి. మనది స్లాబు, ఫాల్స్ సీలింగు లేదు, హాలు మధ్యలో ఫ్యాను. కప్పుకు తగిలి కిందికి దిగేలా శబ్దాన్ని పైకి చిమ్మే స్పీకర్లు కూడా ఉన్నాయి గాని, వాటికీ డబ్బే. అవేవీ లేకుండా ఉన్న ఐదింటికే కొత్త పెట్టె తగిలిస్తే, ముందుభాగాన మెరిసే అట్మాస్ అక్షరాలు తప్ప పై నుంచి వచ్చేదేమీ ఉండదు. నువ్వు పంపినవాటిలో వాట్లు ఎక్కువని రాసి ఉంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు బిగ్గరగా తోచాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. ఇంటర్‌లో లాగరిథమ్స్ నీకు నేనే చెప్పాను, గుర్తుండే ఉంటుంది.

మొన్న రాజమండ్రి అత్తయ్య ఫోన్ చేసింది. మీ ఆఫీసులో రెండు టీములను ఒకటి చేశారని, చాలామందికి కాగితాలు ఇచ్చేశారని బుజ్జి అన్నాడట. అత్తయ్య మాటల్లో సగం తీసేయాలని నాకు తెలుసు. బుజ్జి మాత్రం ఊరికే అనేవాడు కాదు. సరే, అది అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

మాటలు వినపడటం లేదు, సంగీతం చెవులు పగలగొడుతోందని అమ్మ అన్నదనే కదా నీకు ఈ ఆలోచన వచ్చింది. అది సర్దాను. మాటలు పలికే మధ్య స్పీకర్ చెక్క అరలో లోపలికి నెట్టి ఉంది, అంచుదాకా ముందుకు లాగాను. దాని స్థాయి 3 డెసిబెల్స్ పెంచాను. గదిలో శబ్దం కొలవడానికి పెట్టెతో వచ్చిన చిన్న మైకు బీరువాలో దొరికితే, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి మళ్లీ కొలతలు తీయించాను. ఇప్పుడు అమ్మ ప్రతి మాటా వింటోంది. రిసీవర్ మీద కప్పిన లేసు గుడ్డ కూడా తీయించాను. వేడి పైకి పోవాలి, పైన నాలుగైదు అంగుళాలు ఖాళీ ఉండాలి. నీ లాప్‌టాప్‌ను దుప్పటి మీద పెట్టుకుని పనిచేయవద్దని కూడా ఎన్నిసార్లో చెప్పాను.

చిట్టి పెళ్లప్పుడు ఈ పెట్టెకు ఏం జరిగిందో నీకు తెలియదు. పెళ్లికి నాలుగు రోజుల ముందు ఇంటికి రంగులు వేయించాం. పనివాళ్లు తీగలన్నీ ఊడదీసి, పని అయ్యాక వాళ్లకు తోచినట్టు మళ్లీ బిగించారు. స్విచ్ వేస్తే దీపం వెలిగింది, లోపల టక్కుమంది, ఆరిపోయింది. మళ్లీ వేసినా అంతే. బాబాయి బజారు నుంచి ఒక మెకానిక్‌ను తీసుకొచ్చాడు. ఆయన మూత కూడా విప్పలేదు. బోర్డు పోయిందని, బాగుచేయించే డబ్బుకు ఇంకొంత వేస్తే కొత్తదే వస్తుందని తేల్చేశాడు. బాబాయి దాన్ని స్కూటరు మీద పెట్టి పంపించేయబోయాడు. పెళ్లి కాగానే చూద్దామని అమ్మ అడ్డుపడింది. నువ్వు పెళ్లి మర్నాడే బెంగళూరు బస్సెక్కావు. చుట్టాలందరూ వెళ్లాక ఒక రాత్రి కూర్చున్నాను. ప్లగ్గు తీసి, స్పీకర్ తీగలన్నీ విప్పేసి, ఉత్త పెట్టెకు కరెంటు ఇచ్చాను. వెలిగింది, ఆరలేదు. అంటే లోపలంతా బాగానే ఉంది, తప్పు బయట ఉంది. ఇక ఒక్కొక్క స్పీకరే తగిలించడం, ప్రతిసారీ ప్లగ్గు తీసి తగిలించి మళ్లీ వేయడం. వెనక ఎడమ స్పీకర్ దగ్గరికి వచ్చేసరికి టక్కుమంది. అమ్మ టార్చి పట్టుకుంది. చూస్తే ఎర్ర టెర్మినల్‌లోంచి వెంట్రుకంత రాగి పోగు ఒకటి పక్కనున్న నల్లదానికి తగులుతోంది. అదీ షార్టు. అలాంటప్పుడు పెట్టె తనను తాను కాపాడుకోవడానికే ఆగిపోతుంది. తీగ చివర కత్తిరించి, కొత్తగా ఒలిచి, పోగులన్నీ పురిపెట్టి బిగించాను. ఇవాళ్టిదాకా మళ్లీ ఆ టక్కు వినలేదు.

దాని హెచ్‌డీఎంఐ బోర్డు చచ్చిపోయిన రోజున, లేదా కెపాసిటర్లు ముసలివై స్పీకర్లలో గుయ్‌మనే మోత మొదలైన రోజున కొత్తది కొందాం, నేనే అడుగుతాను. లేదా నువ్వు ఇక్కడికి వచ్చి ఉంటానని, 120 ఫ్రేముల ఆటలు ఆడతానని అంటే అప్పుడు హెచ్‌డీఎంఐ 2.1 ఉన్నది కొందాం. ఈలోగా వాయిదాల మీద ఏదీ తీసుకోకు. వడ్డీ లేని వాయిదాలని రాసినా, ఆ వడ్డీని ముందే డిస్కౌంటుగా చూపిస్తారు. బ్యాంకు దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది. కొన్నిచోట్ల ప్రాసెసింగ్ రుసుము అదనం. చేతిలో ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఉండాలి. పీఎఫ్ ముట్టుకోకు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి, నీ పేరు మీద వేరే పాలసీ ఒకటి ఈ నెలలోనే తీసుకో. ప్రీమియం నేను కడతాను. పాఠం చెప్పడం మొదలుపెట్టానని నాకూ తెలుస్తోంది, అయినా ఇది వినాలి.

బుజ్జి చెప్పింది నిజమైతే నాకు చెప్పు. అమ్మకు ఎప్పుడు చెప్పాలో మనిద్దరం మాట్లాడుకుందాం. నిజం కాకపోతే అదైనా చెప్పు, ఒక్క ముక్క చాలు. నీ గది అలాగే ఉంది, ఇంటర్నెట్ స్పీడు పెంచించాను, ఇక్కడి నుంచి ఎన్ని ఇంటర్వ్యూలైనా ఇవ్వవచ్చు. నా పెన్షన్ ముగ్గురికి ధారాళంగా సరిపోతుంది.

కందిపొడి, గోంగూర పచ్చడి, నువ్వు మరచిపోయిన స్వెట్టరు ఆదివారం రాత్రి బస్సులో వేస్తున్నాను. సోమవారం పొద్దున్నే మడివాళ దగ్గర తీసుకోమని డ్రైవరు ఫోన్ చేస్తాడు, కొత్త నంబరని ఎత్తకుండా ఉండకు. రిసీవర్ ఆర్డరు ఇప్పటికే పెట్టి ఉంటే రద్దు చేసి ఆ మెసేజ్ నాకు పంపించు. పచ్చడి సీసాలో తడి చెంచా పెట్టకు.

మీ నాన్న