పియానో వాయించే చేతుల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో పియానో విద్వాంసుల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. బాగుంది, కాదనను. నాలుగేళ్లకే పియానో ముందు కూర్చోవడం, రోజుకి ఎనిమిది గంటల సాధన, పోటీలో మొదటి బహుమతి, ఆ తర్వాత దేశదేశాల టూర్లు, అన్నీ రాశారు. ఆ ఎనిమిది గంటలకీ చేతులేమవుతాయో మాత్రం ఒక్క ముక్క లేదు. అదేంటండీ, వాళ్ల బతుకుతెరువే ఆ పది వేళ్లు కదా!

లియాన్ ఫ్లైషర్ పేరు కూడా పోటీలు గెలిచినవాళ్ల వరసలో ఒక్కసారి వచ్చి వెళ్లిపోయింది. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచిన తొలి అమెరికన్, నిజమే. కానీ ఆయన గురించి చెప్పుకోవాల్సింది అది కాదు. 1928లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు, తొమ్మిదేళ్లకే ఆర్థర్ ష్నాబెల్ అనే పియానిస్టు దగ్గర శిష్యుడిగా చేరాడు. ష్నాబెల్ గురువు లెషెటిట్‌స్కీ, ఆయన గురువు చెర్నీ, చెర్నీకి నేర్పింది సాక్షాత్తూ బీథోవెన్ (మనవాళ్లు త్యాగరాజస్వామి దాకా శిష్యపరంపర లెక్క చెప్పుకోరూ, అలాంటిదే). పదహారేళ్లకి కార్నెగీ హాల్లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో బ్రామ్స్ కాన్‌చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన). ఆ తర్వాత జార్జ్ సెల్ నడిపిన క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో చేసిన బీథోవెన్, బ్రామ్స్ రికార్డింగులు ఇప్పటికీ జనం వెతుక్కుని వింటారు.

1964లో, ముప్ఫై ఆరేళ్ల వయసులో, కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపు వేలు వాటంతటవే లోపలికి ముడుచుకుపోవడం మొదలైంది. సాధన చాలలేదేమో అనుకుని ఇంకా ఎక్కువ వాయించాడు. నాకు గుండె తరుక్కుపోయేది ఇక్కడే. ఇలాంటి సమయంలో చెయ్యకూడని పని అదొక్కటే, కానీ చిన్నప్పటి నుంచి ‘ఇంకా సాధన చెయ్యి’ అన్న మాట తప్ప ఇంకోటి వినని మనిషి ఇంకేం చేస్తాడు? క్లీవ్‌లాండ్ వాళ్లతో సోవియట్ యూనియన్ టూరు ముంగిట్లో ఉంది, దానికీ వెళ్లలేకపోయాడు. తిరగని డాక్టర్ లేడు, చెయ్యని వైద్యం లేదు, జబ్బు పేరు కూడా ఎవరూ చెప్పలేకపోయారు, ఒక దశలో ప్రాణం తీసుకోవాలని కూడా అనుకున్నాడట.

ఆ పేరు ఫోకల్ డిస్టోనియా అని ఆయనకి తెలిసేసరికి ఏళ్లూ పూళ్లూ గడిచిపోయాయి. లోపం ఎముకలో ఉండదు, కండలో ఉండదు, మెదడులో ఉంటుంది. ఒకే రకం కదలికని ఏళ్ల తరబడి చేస్తూ పోతే కొందరికి పక్కపక్క వేళ్లని గుర్తుపట్టే చోట్లు మెదడులో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఇక ఒక వేలు కదపబోతే పక్క వేలు ముడుచుకుంటుంది. చాలామందికి నొప్పి ఉండదు, కాఫీ కప్పు పట్టుకున్నా చొక్కా గుండీ పెట్టుకున్నా ఏ ఇబ్బందీ రాదు, వాయించేటప్పుడే వస్తుంది, అందుకే సాధన లోపం అనుకుంటారు. వృత్తి సంగీతకారుల్లో నూటికి ఒకరికి ఇది వస్తుందని అంచనా.

మరి ఇది వచ్చినవాళ్లు బయటికి చెప్పకుండా ఎందుకు దాచుకుంటారు? మన కచేరీలో గాత్రం వాళ్లకి గొంతు బాగోకపోతే శ్రుతి కాస్త తగ్గించుకుంటారు, స్వరకల్పన కుదించుకుంటారు, వయొలిన్ ఆయన సర్దేస్తాడు. పియానిస్టుకి ఆ వెసులుబాటు లేదు, ప్రతి స్వరం కాగితం మీద అచ్చయి ఉంటుంది, హాల్లో సగం మందికి అది కంఠతా వచ్చు. పైగా వాయిస్తేనే డబ్బు. చెయ్యి బాగోలేదని పొక్కితే ఇక పిలిచేదెవరు? గ్యారీ గ్రాఫ్‌మన్ అనే ఇంకో అమెరికన్ పియానిస్టుకీ 1979 ప్రాంతంలో కుడిచెయ్యి ఇలాగే మొరాయించింది. ఆయన కర్టిస్ సంగీత విద్యాలయానికి డైరెక్టరయ్యాడు, పేరుమోసిన పియానిస్టులు లాంగ్ లాంగ్, యూజా వాంగ్ ఆయన శిష్యులే.

ఫ్లైషర్ బాల్టిమోర్‌లోని పీబడీ సంగీత విద్యాలయంలో పాఠాలు చెప్పాడు, ఆర్కెస్ట్రాలు నడిపాడు, ఎడమచేత్తో వాయించాడు. ఎడమచేతికి అన్ని కాన్‌చెర్టోలు ఎక్కడివి అంటారా? మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న వియన్నా పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ డబ్బిచ్చి రాయించుకున్నవి. రావెల్, ప్రొకోఫియెవ్, బ్రిటెన్, అందరి చేతా రాయించాడు, ప్రొకోఫియెవ్ రాసింది నచ్చక వాయించనే లేదు! హిండెమిత్ 1923లో రాసిచ్చిన దాన్నయితే పెట్టెలో పడేశాడు. విట్‌గెన్‌స్టైన్ భార్య పోయాక అది బయటపడితే, 2004లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో దాన్ని తొలిసారి వాయించింది మన ఫ్లైషరే. ఇది కదండీ మీ వ్యాసంలో ఉండాల్సింది!

1982లో బాల్టిమోర్ కొత్త హాలు ప్రారంభోత్సవంలో రెండు చేతులతో వాయించి చప్పట్లు కొట్టించుకున్నాడు గానీ, చెయ్యి బాగుపడలేదని ఆయనకి తెలుసు, మళ్లీ ఎడమచేతికే వెళ్లిపోయాడు. 90ల్లో బొటాక్స్ ఇంజెక్షన్లు, రోల్ఫింగ్ అనే మర్దన కలిసి కాస్త దారిచ్చాయి. 2004లో రెండు చేతుల ఆల్బమ్ వచ్చింది. అప్పుడు కూడా నయమైపోయిందని ఆయన చెప్పుకోలేదు. 2020లో పోయాడు.

ఇదంతా మనకెందుకు అంటే, హైదరాబాద్, విజయవాడల్లో ఇప్పుడు ఎంతమంది పిల్లలు కీబోర్డు, పియానో గ్రేడ్ పరీక్షలకి కూర్చుంటున్నారో మీకూ తెలుసు. మా అమ్మాయి నేర్చుకునే చోట మణికట్టు నొప్పి అంటే ‘నొప్పి రాకుండా చెయ్యి తిరుగుతుందా’ అంటారు. వీణ, మృదంగం నేర్పే ఇళ్లలోనూ ఈ మాట వినే ఉంటారు. మీ ఆరోగ్యం పేజీలో ఒక నరాల డాక్టర్ చేత రాయించండి: సాధన మధ్యలో ఎంతసేపటికి ఆగాలి, ఏ నొప్పికి భయపడాలి, వేలు మాట వినకపోతే ముందు వెళ్లాల్సింది ఎముకల డాక్టర్ దగ్గరికా, నరాల డాక్టర్ దగ్గరికా. కీబోర్డు క్లాసుల వాళ్ల ప్రకటనలు కూడా మీ పేపర్లోనే వస్తుంటాయి కాబట్టి, కుదిరితే ఆ పేజీ పక్కనే వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ