కాలి ఎముక సలుపుతోందన్నావు కదా

చిన్నీ,

నేవీ మారథాన్‌లో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చానని, కుడికాలి ముందెముక సలుపుతోందని ఒకే గుక్కలో చెప్పి ఫోను పెట్టేశావు. ఫోన్లో నా మాట సగమే వింటావు కాబట్టి రాస్తున్నాను.

మోకాలి కింద నుంచి చీలమండ దాకా ఆ ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో నొక్కుకుంటూ రా. జానెడు పొడవునా నొప్పి ఉండి, పరుగు మొదట్లో బాధపెట్టి, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంటే అది షిన్ స్ప్లింట్స్. ఒకటి రెండు వారాలు పరుగు మానెయ్. ఐసు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టుకో. అరగంట వేగంగా నడిచినా నొప్పి రాకపోతేనే నాలుగు నిమిషాల నడక, ఒక నిమిషం పరుగుతో మళ్లీ మొదలుపెట్టు.

వేలికొన పట్టేంత చోటే నొక్కితే ప్రాణం పోయినట్టుంటే, పరిగెత్తేకొద్దీ ఎక్కువవుతుంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే మాత్రం ఎముకలో సన్నటి పగులేమోనని అనుమానించాలి. దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. గెంతి చూసుకోవద్దు, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి అక్కడే ఉంటే ఎంఆర్ఐ సంగతి అడుగు.

నెలసరి తప్పుతోందా? తిండి తక్కువై పరుగు ఎక్కువైతే ముందు అదే తప్పుతుంది, తర్వాత ఎముక గుల్లబారుతుంది. సిగ్గుపడకుండా డాక్టరుకి ఆ మాట కూడా చెప్పు.

ఆర్కే బీచ్‌లో నీళ్ల అంచున పరిగెత్తడం చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇసుక సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. పొడి ఇసుకలో పిక్కకీ, దాన్ని మడమకి కలిపే టెండన్‌కీ లాగుడెక్కువ. కైలాసగిరి ఎక్కడం మంచిదే. పరుగున దిగకు, మోకాలిచిప్ప చుట్టూ నొప్పి పట్టుకునేది దిగేటప్పుడే.

ఒళ్లు మొత్తంగా అలిసిపోయిందో లేదో చేతి వాచీ చెప్పేస్తుందనుకోకు. విశాఖ ఉక్కలో చెమట ఆరదు, అందుకని మామూలు పరుగుకే గుండె వేగం పెరుగుతుంది. పొద్దున్న మంచం దిగకముందు నిమిషంపాటు నాడి లెక్కపెట్టి కాగితం మీద రాసుకో. నీ మామూలు లెక్క కన్నా ఏడెనిమిది ఎక్కువ వరసగా మూడు రోజులు ఉండి, నిద్ర పట్టక, అయినదానికీ కానిదానికీ చిరాకు పడుతుంటే, రోజూ పరిగెత్తే దూరమే బరువనిపిస్తుంటే ఆ వారం దూరం సగానికి తగ్గించు. రెండు వారాలైనా తేరుకోకపోతే రక్తపరీక్ష చేయించు. రక్తహీనత, థైరాయిడ్ కూడా అచ్చం ఇలాగే ఉంటాయి.

పరుగుకి ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు. నొప్పి తెలియక దెబ్బ పెద్దదవుతుంది, పైగా ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకి చేటు. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకు, వెంటనే ఆసుపత్రికి పో.

రేపటి పరుగు మానేసి, రాత్రికి కాలు నొక్కి చూసుకుని నొప్పి జానెడా, వేలెడా అన్నది నాకు ఫోన్ చేసి చెప్పు.

అమ్మ