మూసీ పనులపై మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి ముందు కృతజ్ఞతలు. గాజు సీసాలు, రసాయనాలు ఇప్పించిన రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ గారికి, కిరాయి తీసుకోని ఆటో తమ్ముడికి, ప్రతి ఆదివారం ఉప్మా పంపిన అమ్మలకు, గట్టు మీద చెత్త ఏరిన పిల్లలకు. ఎవరినైనా మర్చిపోతే మన్నించాలి.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది మూసీ నీళ్లలో ఆక్సిజన్ ఉందో లేదో చూసిన పరీక్ష. హైదరాబాద్‌కు ఎగువనున్న గండిపేట జలాశయం నుంచి ఒక సీసా, ఊళ్లోని మూసారాంబాగ్ వంతెన దగ్గర నుంచి ఒక సీసా. లోపల గాలిబుడగ మిగిలితే లెక్క తప్పుతుందని లెక్చరర్ గారు పిల్లల చేత నాలుగుసార్లు నింపించారు. మాంగనీస్ సల్ఫేట్, ఆ తర్వాత క్షారం కలిపిన అయొడైడ్ పోశాం. గండిపేట సీసాలో గోధుమరంగు మడ్డి దిగింది, అంటే ఆక్సిజన్ ఉన్నట్టు. రెండో దాంట్లో మాసిన తెలుపు, అంటే ఆక్సిజన్ లేనట్టు. మందు తప్పు పోశామేమోనని నేనే మళ్లీ చేయించాను. మళ్లీ తెలుపే.

25 డిగ్రీల వేడిలో శుభ్రమైన నీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలవు. స్నానానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అడిగేది కనీసం 5. మురుగు పడితే దాన్ని తినే బ్యాక్టీరియా ఆ ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అది అయిపోయాక పుట్టేదే మన చేత కిటికీలు మూయించే కుళ్లుగుడ్డు వాసన. గుర్రపుడెక్క పీకి ఫొటోలు దిగితే ఇది పోదు, నాలాను మళ్లించాలి. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేయగల ప్లాంటు ఉంది. మన వెనక వీధి నాలా మాత్రం నేరుగా నదిలోకే పోతోంది.

ఇదంతా రాసి అర్జీ ఇచ్చాం. మూడుసార్లు వెళ్తే సారు మీటింగులో ఉన్నారు. నాలుగోసారికి బదిలీ అయ్యారు. కొత్త సారుకు ఫైలు దొరకలేదట.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. వాట్సాప్‌లో చప్పట్లు కొట్టినవాళ్లు నలభై మంది, గట్టుకు వచ్చినవాళ్లు ఏడుగురు. అందులో ముగ్గురం కార్యవర్గమే.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కోశాధికారి గారి దగ్గర చూసుకోవచ్చు. కొద్దిపాటి లోటును అధ్యక్షులు, నేను సర్దాం.

వానాకాలం అయ్యాక మళ్లీ పరీక్ష పెడుతున్నాం. వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా చెప్పండి, ఉప్మా లెక్క తేలాలి.

ఇట్లు,
కార్యదర్శి