ఆదివారం వండర్‌లా ట్రిప్

కాలనీ వాళ్లందరికీ నమస్కారం 🙏

ఆదివారం ఉదయం 9కి మెయిన్ గేటు దగ్గర బస్సు. రావిర్యాల వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కు, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) 13వ ఎగ్జిట్. 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదలైన సంస్థ ఇది. 2005లో బెంగళూరు, 2016లో మన హైదరాబాద్.

పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. ఇంట్లో గోడకి నిలబెట్టి కొలిచి, శుక్రవారం రాత్రిలోగా పేరుతో పాటు సెంటీమీటర్లలో ఇక్కడే పెట్టండి.

నీళ్ల రైడ్లకి బట్టలు: నైలాన్ లేదా పాలిస్టర్ మాత్రమే. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, స్లైడ్ మధ్యలో మనిషి ఆగిపోతే వెనకవాళ్లు వచ్చి గుద్దుకుంటారు. పోగులు ఊడి ఫిల్టర్లకు అడ్డం పడతాయి. జిప్పులు, లోహపు గుండీలు స్లైడ్‌కి గీతలు పెడతాయి. చున్నీ, గొలుసులు అస్సలు వద్దు.

ముందు రికాయిల్ రోలర్ కోస్టర్ లాంటి పొడి రైడ్లు, తర్వాతే నీళ్లు. లేదంటే రెండుసార్లు బట్టలు మార్చుకోవాలి.

స్లైడ్‌లో వెల్లకిలా పడుకుని చేతులు ఛాతీ మీద, కాలి మీద కాలు. కిందికి రాగానే పక్కకి జరగండి.

వేవ్ పూల్‌లో ఈత రానివాళ్లు నడుము లోతు దాటొద్దు. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్లు లాగేస్తుంది, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు ప్లీజ్.

సన్‌స్క్రీన్ నీళ్లలోకి దిగే 15 నిమిషాల ముందు రాసుకోండి. బయటి తిండి లోపలికి రానివ్వరు, టిఫిన్ చేసే రండి.